పట్టు విడిపించు పనిముట్టు

ఎడ్లబండి చక్రమును ఊడదీయుట పెద్ద పని కాదు. బండిని ఒకప్రక్క ఎత్తి మొద్దుపై నిలిపి, ఇరుసు చివరనున్న కడసీలను లాగివేసినచో చక్రము చేతికి వచ్చును. రైతు పాత కందెనను తుడిచి, క్రొత్త కందెన పూసి, చక్రమును మరల ఎక్కించి, కడసీలను దిగగొట్టి, పొద్దెక్కకముందే పొలమునకు బండి తోలుకొనిపోవును. మోటారుకారు వెనుకచక్రమునకు ఈ సుళువు లేదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో తయారైన పెక్కు కార్లలో, పిన్ను తీసి, నట్టు విప్పి, ఇద్దరు బలశాలులు చెరియొక ప్రక్క నిలిచి లాగినను చక్రపు నాభి ఇరుసును వదలదు. దానిని వదలించుటకే ఒక సాధనము పుట్టినది. హబ్ పుల్లర్ అని దాని పూర్తిపేరు. మన మరమ్మతు షెడ్లలో మాత్రము అది ఒట్టి పుల్లరే.

ఒక చక్రము చేతికి వచ్చుటేమి, మరియొకటి రాకుండుటేమి? బండిలో ఇరుసు కదలదు. చక్రమే దాని చుట్టును తిరుగును. కనుక నాభికిని ఇరుసునకును నడుమ సందుండవలెను; ఆ సందులో కందెన నిలువవలెను. బండిని లాగునవి ముందున్న ఎద్దులు. చక్రము చేయవలసినదెల్ల అడ్డుపడకుండ దొర్లుటయే. వెనుకచక్రములతో నడచు కారులో వ్యవహారము తలక్రిందులగును. ఇంజను ఇరుసును త్రిప్పును; ఇరుసు చక్రమును త్రిప్పవలెను. ఇరుసు తిరిగి చక్రము నిలిచిపోయినచో కారు కదలనే కదలదు. బండికి గుణమైన వదులు కారునకు దోషమగుచున్నది.

ఈ పట్టును సాధించిన తీరునకు మంచి ఉదాహరణము ఫోర్డు కంపెనీవారి మోడల్ టీ కారు. 1908 మొదలు 1927 వరకు అది కోటి యేబది లక్షలకు పైగా తయారైనది. కెనడాలోని ఫోర్డు కంపెనీ ద్వారా అది భారతదేశపు రోడ్లమీదికిని వచ్చినది. దాని వెనుక ఇరుసు చివరిభాగము నిడివి పొడవునను ఒకే లావున ఉండదు. కొసకు పోనుపోను సన్నగిలును. నాభిలోని రంధ్రమును సరిగా అదే వాలుతో తొలిచియుందురు. దీనినే పనివారు టేపరు అందురు. ఇరుసుమీద ఒక గాడి, నాభిలో దానికి ఎదురుగా మరియొక గాడి. రెంటిని కలిపి ఇమిడియుండు చిన్న ఉక్కుముక్క పేరు కీ. అన్నిటికిని చివర ఒక నట్టు. ఆ నట్టును బిగించినకొలది నాభి వాలువెంబడి లోనికి జరిగి ఇరుసును కరచి పట్టును.

చూపునకిది నునుపైన కోసు మాత్రమే. పనిని బట్టి చూచినచో అది చీల. కట్టెలు కొట్టువాడు మొద్దు పగులులో దిగగొట్టు ఇనుపచీల సుత్తి తీయగానే వెనుకకు ఎగిరిపడదు. అచ్చటనే ఇరుక్కొని నిలుచును. దాని ముఖముల వాలు స్వల్పము, ఒరపిడి అధికము. ఒరపిడికి లొంగిన వాలు ఎంత బలముగా నొక్కబడినను తనంతట తాను జారదు. దీనిని పరీక్షించుట విద్యార్థులకు కష్టము కాదు. ఒక పలకమీద పుస్తకమునుంచి పలకను మెల్లగా ఎత్తినచో, ఒక కోణము వరకు పుస్తకము కదలదు. దానిపై మరి రెండు పుస్తకములు పేర్చినను ఆ కోణము మారదు. ఉక్కుపై ఉక్కు ఒరయునపుడు ఈ హద్దు సుమారు 8 డిగ్రీలు. టేపరు వాలు దానికి బహుదూరమున, దిగువనుండును. 1864లో అమెరికాదేశస్థుడు స్టీఫెన్ మోర్స్ రూపొందించిన టేపరు నేటికిని లేతు యంత్రములందును బెజ్జములు వేయు యంత్రములందును కలదు. దానిలో సుమారు 20 మిల్లీమీటర్ల నిడివికి వ్యాసము ఒక మిల్లీమీటరు తగ్గును. డ్రిల్లును యంత్రమునకు పట్టియుంచునది ఆ స్వల్పమైన వాలే. దానిని ఊడదీయుటకు ప్రక్కనున్న సందులో మరియొక చీలను దూర్చి కొట్టుదురు. చీలను చీలతోనే తీయుదురన్నమాట!

చక్రమును త్రిప్పునది కీ అని చాలమంది తలంతురు. అది పొరపాటు. బిగిసియున్న టేపరులో బలమును మోయునది ఒరపిడి. కీ దానికి తోడు మాత్రమే. నట్టు వదులైననాడు ఆ భారమంతయు చిటికెనవ్రేలంత ఉక్కుముక్కపై పడును. బయలుదేరిన ప్రతిసారి, ఆగిన ప్రతిసారి అది ఇటునటు కదలి, గాడిని అరగదీసి, తుదకొకనాడు తెగును.

తెగినచో నేమి, కారు ఆగిపోవును, అంతే గదా అనుకొనువారు మోడల్ టీ బ్రేకుల సంగతి తెలిసికొనవలెను. ఆ కారులో కాలితో త్రొక్కు బ్రేకు చక్రములను నేరుగా పట్టదు. ఇంజను వెంటనున్న గేరుపెట్టెలోని డ్రమ్మును పట్టును. ఆ నిరోధము అచ్చటినుండి డిఫరెన్షియలుకు, దానినుండి ఇరుసునకు, ఇరుసునుండి ఈ టేపరు మీదుగా చక్రమునకు చేరవలెను. మలుపులలో రెండు వెనుకచక్రములు వేర్వేరు వేగములతో తిరుగుటకు వీలు కల్పించునది డిఫరెన్షియలు. దాని స్వభావము విచిత్రము: ఒకప్రక్క ఇరుసు ఊరక తిరుగనారంభించినచో, రెండవప్రక్కకును బలమందదు. కనుక కుడిచక్రపు కీ తెగినచో ఎడమచక్రమునకును కాలిబ్రేకు ఉండదు. కొండదారిలో దిగుచుండగా ఇట్లు జరిగినచో డ్రైవరునకు మిగులునది చేతిబ్రేకు ఒక్కటే; అది వెనుకచక్రముల డ్రమ్ములను నేరుగా పట్టును గనుక ఏ కొంచెమో ఆదుకొనును, అదియు బాగుండినప్పుడు. ఆ చోటును అప్పుడప్పుడు విప్పి చూడవలెననుట మెకానిక్కు చాదస్తము కాదు.

విప్పుటే సమస్య. ఏండ్ల తరబడి బిగిసియున్న నాభికిని ఇరుసునకును నడుమ తేమ చేరి తుప్పు పట్టును. ఇనుము తుప్పుగా మారినపుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందువలన అసలే బిగుతైన సందు మరింత బిగియును. ఇట్టిచోట ఓర్పులేనివానికి తోచునది సమ్మెట. ఇరుసు కొసపై నాలుగు దెబ్బలు వేసినచో చక్రము రావచ్చును గూడ. కాని ఆ దెబ్బ నాభివద్దనే ఆగిపోదు; ఇరుసు పొడవున లోనికి పోయి బేరింగులను తాకును. అద్దమువలె నునుపుగా ఉండవలసిన దారులలో సన్నని గుంటలు పడును. ఇరుసు కొసనున్న మరచుట్లు నలిగి నట్టు పట్టకుండ పోవును. ఈ నష్టము ఆనాడు కనబడదు. నెలల తరువాత చక్రములో మూలుగుగా వినబడును. అప్పటికి సమ్మెట ఎత్తినవాడు దానిని మరచియే యుండును. కొందరు నాభిని మంటతో కాల్చుదురు. వేడికి నాభి వ్యాకోచించుట నిజమే. లోని గ్రీజు కరగి కాలిపోవుటయు అంతే నిజము.

పుల్లరు పని వీటికి భిన్నము. మోడల్ టీ నాభికి వెలుపలి అంచున మరచుట్లుండును; మామూలు వేళ వానిపై దుమ్ము చొరకుండ ఒక మూత బిగించియుందురు. ఆ మూతను తీసి, అదే చుట్లకు పుల్లరును బిగింతురు. పుల్లరు కూడ ఒక దళసరి మూతవంటిదే. దాని నడుమ ఒక పెద్ద బోల్టు ఉండును. పానాతో ఆ బోల్టును త్రిప్పగా అది లోనికి పోయి ఇరుసు కొసను నొక్కును. ఇరుసు లోనికి పోలేదు. కనుక పుల్లరు వెలుపలికి రావలెను. దానితో నాభియు రావలెను. ఇందులో గ్రహింపదగినది బలము నడచు దారి. నట్టు నాభిని ఏ గీతవెంబడి లోనికి నెట్టినదో, పుల్లరు ఆ గీతవెంబడియే వెనుకకు లాగుచున్నది. ఇటునటు ఒరుగుట లేదు. బేరింగునకు దెబ్బ లేదు. ఇరుసును నెట్టు బలమును నాభిని లాగు బలమును ఆ పనిముట్టులోనే ఒకదానికొకటి సరిపోవుటచే, కారులోని తక్కిన భాగములకు ఏ ఒత్తిడియు చేరదు.

బలమెంత? బోల్టు ఒక చుట్టు తిరిగినపుడు 2 మిల్లీమీటర్లు ముందుకు సాగుననుకొందము. పానా పొడవు 30 సెంటీమీటర్లు. చేయి ఒక చుట్టు తిరుగుటకు సుమారు 1884 మిల్లీమీటర్లు నడువవలెను. అనగా చేతి నడక బోల్టు నడకకు 942 రెట్లు. చేయి 20 కిలోల బలము వేసినచో లెక్కప్రకారము బోల్టు కొసపై 18,840 కిలోలు పడవలెను. లెక్క చెప్పినంత లోకమియ్యదు. మరచుట్ల ఒరపిడి అందులో అధికభాగమును మ్రింగివేయును. పదవవంతు మాత్రమే దక్కెననుకొన్నను దాదాపు రెండు టన్నులు. మోడల్ టీ కారు మొత్తము బరువు, రకమును బట్టి, సుమారు 550 మొదలు 750 కిలోలు. ఒంటిచేతితో మూడు కార్ల బరువును మోపుట ఇది.

మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నివసించిన హీరో తన యంత్రశాస్త్ర గ్రంథమున తులాదండము, కప్పి, ఇరుసుచక్రము, చీల, మర అని అయిదు సామాన్య యంత్రములను వివరించెను. గ్రీకుమూలము పోగా ఆ గ్రంథము అరబ్బీ అనువాదములో నిలిచినది. చీలతో బిగిసిన చక్రమును మరతో విడిపించు ఈ సాధనమున వానిలో రెండు యంత్రములు ఎదురెదురుగా నిలిచి పోరాడుచున్నవి. పానా రూపమున తులాదండము మరకు సాయము వచ్చినది. సామాన్య యంత్రముల పాఠమును నల్లబల్లపై బొమ్మలతో ముగించుట మన పాఠశాలలలో అలవాటు. సమీపమునందలి షెడ్డునుండి ఒక్క పుల్లరును అరువు తెచ్చి బల్లపై నుంచినచో, ఒక గంటసేపు ఉపాధ్యాయుడు గొంతు చించుకొనవలసిన పని ఉండదు.

మోడల్ టీ తరువాత 1927 చివర వచ్చిన మోడల్ ఏ కారునకు నాలుగు చక్రములకును బ్రేకులమర్చిరి. టైరుతో కూడిన చక్రము నట్లు విప్పగానే వచ్చును. కాని వెనుక నాభియు బ్రేకు డ్రమ్మును కలిసి టేపరుమీదనే ఉండిపోవును. లోని లైనింగు ఎంత అరిగినదో చూడవలెనన్న నాభిని లాగక తప్పదు. పుల్లరు లేని షెడ్డులో చక్రము విప్పిన తరువాత పని అచ్చటనే నిలిచిపోవును. బ్రేకులు చూచితిమనుకొని యజమాని కారు తోలుకొనిపోవును. ఈ కారు నాభిచుట్టును ఒక కట్టు ఉండును. పుల్లరు దవడలు దానినే పట్టవలెను. చేతికందినది గదా యని డ్రమ్ము అంచును పట్టి లాగినచో డ్రమ్ము వంగును. అటు తరువాత బ్రేకు వేసినప్పుడెల్ల పెడలు కాలిక్రింద అదరుచుండును.

బోల్టు బిగించుటలోనే పని ముగియదు. మరచుట్లకును బోల్టు మొనకును గ్రీజు పూసి, చేతికి అందినంత బిగించి, ఆగవలెను. బోల్టు తలపై సుత్తితో తేలికగా ఒక దెబ్బ, మరల కొంచెము బిగింపు, మరల నిరీక్షణము. మొండి నాభిని ఆ బిగుతుననే రాత్రంతయు వదలివేయుట కూడ కలదు. వదలునపుడు మెల్లగా వదలదు. తుపాకి ప్రేలినట్లు చప్పుడుచేసి ఒక్కసారిగా ముందుకు ఉరుకును. అందుచేత తెలిసిన మేస్త్రీ ఇరుసు నట్టును పూర్తిగా తీసివేయడు. కొన్ని చుట్లు వదులుచేసి ఇరుసు కొసనే ఉంచును. ఉరికిన నాభిని ఆ నట్టు ఆపును. జాకీమీద నిలిచిన కారునకు ఎదురుగా కూర్చున్నవాని మోకాళ్ళను కాపాడునది ఆ నాలుగు మరచుట్లే. మరల ఎక్కించునపుడు టేపరు రెండు ముఖములను శుభ్రముగా, పొడిగా తుడువవలెను, కందెన పూయరాదు. నట్టు బిగించి క్రొత్త పిన్ను వేసి, కొంతదూరము నడిపిన తరువాత నట్టును ఇంకొకసారి బిగించి చూడవలెను. నాభి ఆలోగా మరికొంత లోనికి కూర్చొనియుండును.

నేటి కార్లలో ఈ టేపరు ఇరుసులు దాదాపు కనుమరుగైనవి. ముందుచక్రములతో నడచు కార్లలో ఇరుసు కొసకు పండ్లవంటి గాళ్ళు కోసి నాభిలో దూర్తురు. వాలు లేకున్నను తుప్పున్నది గనుక, వర్షములలో నడచిన కార్లకు పుల్లరు అవసరము తీరలేదు. బోల్టునకు బదులు నూనె ఒత్తిడితో నెట్టు పుల్లర్లు పెద్ద షెడ్లకు వచ్చినవి. అచ్చట ఆర్కిమిడీసు మర స్థానమున పాస్కలు నియమము పనిచేయుచున్నది. టేపరు మాత్రము ఓడలలో కొనసాగుచున్నది. పెద్ద ఓడల ప్రొపెల్లరు అనేక టన్నులు తూగును; అదియు కోసుగానున్న ఇరుసుమీదనే బిగిసియుండును. దానిని దించునపుడు నాభిలో తొలిచిన సన్నని దారులగుండ నూనెను మహా ఒత్తిడితో ఎక్కింతురు. నాభి వెంట్రుకవాసి వ్యాకోచించి, నూనెపొరపై తేలి, తన వాలువెంబడి తానే వెలుపలికి జరుగును. అచ్చటను ముందుగా నట్టును కొంచెము వదులుచేసి, ఇరుసు కొసనే ఉంతురు.