పాత రిజిస్టరులోని పేరు కంప్యూటరులో దొరకాలంటే

నలభై ఏళ్ల నాటి జనన ధ్రువపత్రం నకలు కోరి వచ్చినవారికి కంప్యూటరు ఒక్కొక్కప్పుడు "వివరాలు లేవు" అని చూపుతుంది. నమోదు అసలు లేకపోవడం వేరు, ఉండి కూడా వెతుకులాటకు అందకపోవడం వేరు. ఈ తేడా చిన్నది కాదు. పుట్టి ఏడాది దాటినవారి జననాన్ని కొత్తగా నమోదు చేయించాలంటే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఉన్న నమోదు దొరకక ఆ దారి పట్టిన కుటుంబానికి శ్రమ, ఖర్చు రెండూ వృథా.

కాగితపు రిజిస్టరు మనిషి కంటికోసం ఏర్పడినది. దానిని ఉన్నదున్నట్లు ఎక్కించినప్పుడు "గోపయ్య, తండ్రి బాలయ్య, 12వ వార్డు" అన్నదంతా ఒకే గడిలో చేరుతుంది. గుమాస్తా దానిని చదువుకోగలడు. యంత్రం మాత్రం మొత్తాన్ని ఒకే మాటగా తీసుకొంటుంది. కనుక దిగుమతి తరువాత మొదటి పని గడులను విడదీయడం. వ్యక్తులకొక పట్టిక, స్థలాలకొక పట్టిక, నమోదులకొక పట్టిక ఏర్పరచి, వాటిని సంఖ్యలతో ముడివేయాలి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన పద్ధతికి మూలం ఇదే.

ముడివేసే సంఖ్యను ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. నమోదు సంఖ్య ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది; అందువల్ల సంవత్సరం, నమోదు కేంద్రం, సంఖ్య మూడూ కలిస్తేనే ఒక జననాన్ని గుర్తించగలం. వార్డు సంఖ్య కూడా నిలకడైనది కాదు. 2011లో చెన్నై నగరపాలక సంస్థ చుట్టుపక్కల 42 స్థానిక సంస్థలను కలుపుకొన్నప్పుడు 155 వార్డుల నగరం 200 వార్డులదయింది. పాత సంఖ్యలు మారిపోయాయి. పాత వార్డును చెరిపి కొత్తది వ్రాస్తే కాగితంతో సంబంధం తెగిపోతుంది. పాతది, కొత్తది, మారిన తేదీ మూడూ ఉన్న పట్టిక విడిగా ఉండాలి.

తెలుగువారి విషయంలో అసలు చిక్కు పేర్లతోనే. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ప, బలకూ అంతే. తమిళంలో వ్రాసిన గోపయ్యను ఇంగ్లీషులోకి ఎక్కించినవారు కోపయ్యను చేయవచ్చు, బాలమ్మ పాలమ్మ కావచ్చు. పొడి అక్షరం సంగతి ఇంకొకటి. తెలుగు కుటుంబం ఇంటిపేరును సూచిస్తూ "సి. గోపయ్య" అని వ్రాయిస్తే, స్థానిక అలవాటు ప్రకారం తండ్రి పేరును బట్టి మరొక కాగితంలో ఆయనే "బి. గోపయ్య" అవుతాడు. పేరును "సరిదిద్ది" ఒకే రూపం మిగల్చడం తేలికగా కనిపించినా అది తప్పు పని. రిజిస్టరులో ఉన్న రూపాన్ని ముట్టుకోకుండా, పొడి అక్షరానికి వేరే గడి పెట్టి, ఇతర రూపాలన్నిటినీ ఒక పక్క పట్టికలో చేర్చి అదే వ్యక్తికి ముడివేయాలి. అప్పుడు ఏ రూపంతో అడిగినా అదే నమోదు కనిపిస్తుంది.

వెతికే గడులకు సూచిక కట్టడం ఆ తరువాతి పని. నిఘంటువులోని అకారాది క్రమం వంటిదే ఇది. క్రమంలో ఉన్న లక్ష వరుసలలో ఒకదానిని పట్టుకోవడానికి, ప్రతిసారీ సగం తోసిపుచ్చుతూ పోతే, 17 పోలికలు చాలు.

ఎంత చక్కగా అమర్చినా లేని పేరు దొరకదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం బిడ్డకు పేరు పెట్టకముందే జననం నమోదు చేయవచ్చు. ఏడాది లోపల రుసుము లేకుండా, ఆపై 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవాలి. పురుడు పోసుకొన్న ఊరు వదిలి వచ్చిన కుటుంబాలలో ఆ పని మిగిలిపోవడం మామూలే. అటువంటి వరుసలో బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉంటుంది. కనుక తన పేరుతో వెతికించి నమోదు దొరకనివారు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి లేదా వీధి, అప్పటి వార్డు వ్రాసిచ్చి మళ్లీ వెతకమని కోరాలి. అప్పటికీ కనిపించకపోతే ఆ ఏడాది కాగితపు రిజిస్టరునే చూడమని దరఖాస్తు పెట్టుకోవాలి.