నిలవని నిలువు వరుసలు

వ్యాపార సంస్థలు, వైద్యశాలలు, విద్యాసంస్థలు, న్యాయవాదుల కార్యాలయాలు తమతో సంబంధం ఉన్న వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు, వారితో జరిపిన సంప్రదింపుల వివరాలు ఒకేచోట భద్రపరచుకోవడానికి వాడే కంప్యూటర్ ప్రోగ్రామును కాంటాక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇందులో ఒక్కొక్క వ్యక్తి వివరాలు ఒక్కొక్క అడ్డు వరుసలోనూ, పేరు, ఊరు, మొబైల్ నంబరు, సంస్థ వంటి ఒక్కొక్క అంశం ఒక్కొక్క నిలువు వరుసలోనూ పట్టికగా కనిపిస్తాయి. ఆ నిలువు వరుసే కాలమ్. ఏ కాలమ్ ముందుండాలి, ఏది వెనకకు జరగాలి, ఏది అసలు కనిపించకూడదు, ఏది ఎంత వెడల్పుండాలి, జాబితా దేని ప్రకారం అక్షరక్రమంలో నడవాలి అన్న నిర్ణయాలన్నీ కలిసిన కూర్పును వ్యూ అంటారు. ఉద్యోగి తన పనికి అనువుగా ఈ కూర్పును ఓపికగా మార్చుకున్నాక, మరునాడు ప్రోగ్రాము తెరిచేసరికి కాలమ్‌లన్నీ మళ్లీ మొదటి స్థితిలో కనిపించడం ఈ రంగంలో ఎంతోకాలంగా ఉన్న ఇబ్బంది. మార్పు ఎక్కడ నమోదవుతుందో, ఎప్పుడు నమోదవుతుందో, దాన్ని ఏది చెరిపివేస్తుందో తెలుసుకుంటే ఈ ఇబ్బందిని చాలావరకు తప్పించుకోవచ్చు.

బాకీలు వసూలు చేసే గుమాస్తాకు పేరు పక్కనే మొబైల్ నంబరు, ఆ తరువాత గడువు తేదీ కనిపించాలి. అదే కార్యాలయంలో సరుకు పంపే ఉద్యోగికి ఊరు, పిన్‌కోడ్, రవాణా సంస్థ పేరు ముందుంటేనే పని సాగుతుంది. ఇద్దరూ చూసేది ఒకే జాబితా అయినా ఇద్దరికీ కావలసిన కూర్పులు వేరు. ఏది ముందు చూడాలో, ఏది చూడనక్కరలేదో పనిలో ఆరితేరిన తరువాతే తెలుస్తుంది కనుక, ఒక ఉద్యోగి కుదుర్చుకున్న వ్యూలో అతని అనుభవం ఇమిడి ఉంటుంది. దాన్ని రోజూ మళ్లీ కుదుర్చుకోవలసి రావడం వల్ల కాలం వృథా కావడమే కాక, పక్క కాలమ్‌లోని నంబరును పొరపాటుగా చదివి వేరొకరికి ఫోన్ చేయడం వంటి తప్పులకు కూడా అవకాశం ఏర్పడుతుంది.

తెలుగువారి పేర్ల విషయంలో ఈ అవసరం ఇంకొంత ఎక్కువ. అమెరికాలో రూపొందిన ప్రోగ్రాములు చాలావరకు వ్యక్తి పేరు ముందు, కుటుంబం పేరు వెనుక ఉంటాయన్న భావనతో తయారయ్యాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ వారి ఈమెయిల్, కాంటాక్టుల ప్రోగ్రాము అవుట్‌లుక్‌లో పూర్తి పేరును ఒకే గడిలో టైపు చేసినప్పుడు, మామూలు అమరికలో మొదటి మాటను వ్యక్తి పేరుగానూ, చివరి మాటను కుటుంబం పేరుగానూ ప్రోగ్రామే విడదీసుకుంటుంది. ఇంటిపేరు ముందు చెప్పుకొనే తెలుగు అలవాటు ప్రకారం రాసిన పేరులో ఇంటిపేరు వ్యక్తి పేరుగా నమోదవుతుంది; చివర ఉన్న రావు, రెడ్డి, శర్మ వంటి మాటలు కుటుంబం పేర్లుగా మారిపోయి, జాబితాలో రావులందరూ ఒకచోట, రెడ్లందరూ మరొకచోట గుంపుగా చేరతారు. పేర్ల క్రమాన్ని మార్చే ఏర్పాటు సెట్టింగులలో ఉన్నప్పటికీ అది ఆ తరువాత చేర్చే పేర్లకే వర్తిస్తుంది కాబట్టి, పాత జాబితాలున్న కార్యాలయాలు పూర్తి పేరు కాలమ్‌ను ముందుకు తెచ్చుకొని, కుటుంబం పేరు కాలమ్‌ను తొలగించి, జాబితాను కొత్త క్రమంలో పేర్చుకోవడం అనివార్యమవుతుంది. ఆ కూర్పు చెరిగిపోతే మళ్లీ రావుల గుంపులో ఒక మనిషిని వెతుక్కోవలసిందే.

పందొమ్మిది వందల యాభైలలో ప్రచారంలోకి వచ్చిన రోలోడెక్స్ వంటి తిరుగుడు కార్డుల పెట్టెలలో ఈ సమస్య ఉండేది కాదు, ఎందుకంటే కార్డు మీద ఫోన్ నంబరు ఎక్కడ రాస్తే అక్కడే ఉండిపోయేది. సమాచారం, దాని రూపం ఒకే కాగితం మీద కలిసి ఉండేవి. అమెరికాలోని డల్లస్ నగరంలో ప్యాట్ సలివన్, మైక్ మ్యునీ అనే ఇద్దరు 1987లో విడుదల చేసిన యాక్ట్ అనే ప్రోగ్రామును కాంటాక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో తొలివాటిలో ఒకటిగా పరిగణిస్తారు. కార్డుల పెట్టె చేసే పనిని కంప్యూటర్ చేపట్టడంతో సమాచారం ఒకచోట, అది తెరమీద కనిపించే తీరు మరొకచోట నిల్వ కావడం మొదలైంది. ఒకే సమాచారాన్ని పదిమంది పది తీర్లుగా చూడగలగడం ఈ వేర్పాటు వల్ల కలిగిన గొప్ప లాభం; సమాచారం చెక్కుచెదరకుండా ఉన్నా దాని రూపం మాత్రం పోగలగడం దాని వెంట వచ్చిన నష్టం. కాలమ్‌లు చెదిరిపోయినప్పుడు కాంటాక్టులే పోయాయని కంగారు పడేవారు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.

కాలమ్‌ను జరపడం, జరిపిన సంగతిని గుర్తుపెట్టుకోవడం కంప్యూటర్ దృష్టిలో రెండు వేర్వేరు పనులు. విండోస్ వ్యవస్థలో పట్టికలను చూపడానికి ప్రోగ్రామర్లు వాడుకొనే సిద్ధ భాగం ఒకటి ఉంది, దానిని లిస్ట్ వ్యూ కంట్రోల్ అంటారు. కాలమ్ తలకట్టును మౌస్‌తో పట్టుకొని పక్కకు లాగే సదుపాయం ఆ భాగపు 4.70 వెర్షన్ నుంచి లభిస్తోంది. అయితే ఆ సదుపాయం కాలమ్‌ను తెరమీద జరిపి ఊరుకుంటుంది. ప్రోగ్రాము మూసేటప్పుడు కాలమ్‌ల క్రమాన్ని అడిగి తెలుసుకొని ఒక ఫైలులోనో రిజిస్ట్రీలోనో రాసిపెట్టడం, మళ్లీ తెరిచినప్పుడు అదే క్రమాన్ని తిరిగి అమర్చడం ప్రోగ్రాము రాసినవారు విడిగా చేయవలసిన పని. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులను, ఇతర ప్రోగ్రాముల సెట్టింగులను దాచుకొనే ఖజానా. ఈ రెండో పనిని మరిచిపోయిన ప్రోగ్రాములో వాడకందారు ఎంత జాగ్రత్తపడినా ప్రయోజనం ఉండదు. చేసిన ప్రోగ్రాములలో కూడా చాలావాటిలో ఆ రాత సక్రమంగా మూసే సమయంలోనే జరుగుతుంది కనుక, కరెంటు పోయినా, ప్రోగ్రాము బిగుసుకుపోయి టాస్క్ మేనేజర్ ద్వారా బలవంతంగా ఆపవలసి వచ్చినా ఆ పూట చేసిన మార్పులు నమోదు కావు. మరో కారణం కొత్త వెర్షన్: జాబితాలోకి కొత్త కాలమ్ ఒకటి చేరినప్పుడు పాత క్రమంలోని లెక్క, కొత్త పట్టికలోని లెక్క సరిపోక, కొన్ని ప్రోగ్రాములు పాత కూర్పునంతటినీ పక్కన పడేసి మొదటి రూపాన్నే చూపుతాయి.

ఈ విషయాలన్నీ స్పష్టంగా గమనించడానికి అవుట్‌లుక్ మంచి ఉదాహరణ. విండోస్‌లో నడిచే సంప్రదాయ (క్లాసిక్) అవుట్‌లుక్‌లో కాంటాక్టుల ఫోల్డరుకు పీపుల్, బిజినెస్ కార్డ్, కార్డ్, ఫోన్, లిస్ట్ అనే వ్యూలు సిద్ధంగా ఉంటాయి. వీటిలో ఫోన్, లిస్ట్ అనే రెండే పట్టిక రూపంలో ఉంటాయి కాబట్టి కాలమ్‌ల మార్పు ప్రధానంగా వీటికే చెందుతుంది. ఫోన్ వ్యూలో ఉండగా చేసిన మార్పు ఆ ఫోల్డరులోని ఫోన్ వ్యూకు మాత్రమే అంటుకుంటుంది తప్ప లిస్ట్ వ్యూకు గాని, మరో కాంటాక్టుల ఫోల్డరుకు గాని దానంతటదే పాకదు. మార్పులు నిలవడం లేదన్న ఫిర్యాదులలో కొన్నింటికి ఇదే కారణం. మార్పు ఉన్నచోటనే ఉంటుంది, వాడకందారు మరో ఫోల్డరులో దాని కోసం వెతుకుతుంటారు. ఒక ఫోల్డరులోని కూర్పును మిగిలిన వాటికి కూడా వర్తింపజేయాలంటే చేంజ్ వ్యూ మెనూలో అందుకు ప్రత్యేకంగా ఉన్న ఆదేశాన్ని ఎంచుకోవాలి.

అదే మెనూలో ప్రస్తుత వ్యూను కొత్త పేరుతో భద్రపరిచే ఆదేశం కూడా ఉంటుంది. ఈ వ్యాసం చదివేవారు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే దానినే గుర్తుపెట్టుకోవడం మేలు. ప్రోగ్రాముతో పాటు వచ్చిన వ్యూలను తుడిచివేయడం సాధ్యం కాదు, కాని ఒక్క రీసెట్ బటన్‌తో అవి మొదటి రూపానికి చేరిపోతాయి. పేరు పెట్టి భద్రపరిచిన వ్యూకు ఆ ప్రమాదం లేదు. పేరు పెట్టేటప్పుడు అవుట్‌లుక్ మూడు అవకాశాలు చూపుతుంది: ఆ ఫోల్డరులో అందరికీ కనిపించేది, ఆ ఫోల్డరులో తనకు మాత్రమే కనిపించేది, కాంటాక్టుల ఫోల్డర్లన్నింటిలోనూ పనిచేసేది. పదిమంది కలిసి వాడే ఉమ్మడి ఫోల్డరులో చదివే అనుమతి మాత్రమే ఉన్న ఉద్యోగి మొదటి అవకాశాన్ని వాడుకోలేరు, రెండోదే వారికి తగినది. వ్యూ వివరాలను అవుట్‌లుక్ మెయిల్‌బాక్సు ఫోల్డర్లలో కంటికి కనిపించని ఒక అంశంగా దాచుతుంది. అందువల్ల మెయిల్‌బాక్సు సంస్థ సర్వర్‌లో ఉన్నప్పుడు, కంప్యూటర్ మారినా అదే ఖాతాతో సంప్రదాయ అవుట్‌లుక్‌ను తెరిస్తే ఆ వ్యూ మళ్లీ అందుబాటులోకి వస్తుంది.

కాలమ్‌ల క్రమం నిలిచి, వెడల్పు మాత్రం నిలవకపోవడం మరో రకం చిక్కు. వ్యూ సెట్టింగులలోని ఇతర సెట్టింగుల భాగంలో, కాలమ్ వెడల్పులను ప్రోగ్రామే సర్దుకొనే ఐచ్ఛికం ఒకటి ఉంటుంది. అది అమలులో ఉన్నంతకాలం కాలమ్‌లన్నీ కిటికీ వెడల్పుకు సరిపడేలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి కనుక, చేత్తో లాగి పెట్టిన వెడల్పు కిటికీ మారగానే చెదిరిపోతుంది. ఆ గుర్తును తీసివేస్తే వెడల్పులు పెట్టినచోటే ఉంటాయి, అయితే కొన్ని కాలమ్‌లు తెరకు కుడివైపున మరుగై పక్కకు జరిపి చూడవలసి వస్తుంది. సంస్థ సాంకేతిక నిర్వాహకులు ప్రోగ్రాము రాసి వ్యూకు తాళం వేయడం కూడా సాధ్యమే. అటువంటి వ్యూలో ఉద్యోగి కాలమ్‌లను జరపగలరు, చూసుకోగలరు, కాని ఆ మార్పులు భద్రం కావు. వాడకందారుకు ఏ హెచ్చరికా చేయకుండా మార్పును మింగివేసే ఈ పద్ధతి సమర్థనీయం కాదు. తాళం ఉన్నదన్న మాట తెరమీద కనిపించి తీరాలి. ఇక అవుట్‌లుక్ మొరాయించినప్పుడు కొందరు సలహా ఇచ్చే క్లీన్‌వ్యూస్ అనే ఆదేశం విషయంలో గట్టి జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది సిద్ధ వ్యూలను మొదటి స్థితికి తెచ్చేటప్పుడు పేరు పెట్టి దాచుకున్న సొంత వ్యూలను కూడా పూర్తిగా తుడిచివేస్తుంది.

బ్రౌజరులో నడిచే సాఫ్ట్‌వేర్‌లో కూర్పు రెండు చోట్లలో ఎక్కడైనా నిల్వ కావచ్చు. సంస్థ సర్వర్‌లో ఖాతా పేరిట నిల్వ అయితే ఏ కంప్యూటర్ నుంచి తెరిచినా కనిపిస్తుంది. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లిస్ట్ వ్యూలు ఈ కోవకు చెందినవి, వాటిలో ఒక్కొక్క వ్యూకు గరిష్ఠంగా 15 కాలమ్‌లు ఎంచుకొని, ఆ వ్యూ ఎవరికి కనిపించాలో కూడా నిర్ణయించవచ్చు. ఇటీవల చూసిన కాంటాక్టుల జాబితాలోని కాలమ్‌లు మాత్రం అక్కడ నిర్వాహకుల అధీనంలో ఉంటాయి. రెండో చోటు బ్రౌజరులోని లోకల్ స్టోరేజ్, అంటే వెబ్‌సైట్లు ఆ కంప్యూటర్‌లోనే చిన్న చిన్న వివరాలు దాచుకొనే అర. బ్రౌజరు చరిత్రతో పాటు సైటు డేటాను కూడా తుడిచినా, ప్రైవేట్ కిటికీని మూసినా అందులోనివి పోతాయి. ఆపిల్ సంస్థ వారి సఫారీ బ్రౌజరులో 2020 నుంచి మరో నియమం అమలులో ఉంది: బ్రౌజరు వాడుతూ కూడా ఒక సైటును 7 రోజులపాటు ముట్టుకోకపోతే ఆ సైటు స్క్రిప్టులు దాచుకున్న వివరాలను అది తొలగిస్తుంది. ప్రకటనదారులు ప్రజల కదలికలను వెంటాడకుండా ఆపడం కోసం తెచ్చిన ఈ మంచి నియమం, బ్రౌజరు వాడుతూ ఆ సైటును మాత్రం అన్ని రోజులు తెరవని ఉద్యోగి కాలమ్‌లను కూడా చెదరగొట్టవచ్చు.

తప్పు కాంటాక్టుల ప్రోగ్రాముది కాకుండా కంప్యూటర్ ఏర్పాటుదైన సందర్భాలూ ఉన్నాయి. విండోస్‌లో ఒక్కొక్కరి సెట్టింగుల సముదాయాన్ని ప్రొఫైల్ అంటారు. అనేకమంది వాడే కంప్యూటర్లలో కొన్ని సంస్థలు మాండేటరీ ప్రొఫైల్ అనే పద్ధతి పెడతాయి. అందులో రోజంతా చేసిన మార్పులు లాగ్ ఆఫ్ కాగానే చెరిగిపోతాయి. సర్వర్ నుంచి వచ్చి సర్వర్‌కే తిరిగివెళ్లే రోమింగ్ ప్రొఫైల్‌లో, ఒకే ఉద్యోగి రెండు కంప్యూటర్లలో ఏకకాలంలో పనిచేస్తే చివర మూసిన కంప్యూటర్‌లోని సెట్టింగులు మొదటిదానిలోనివాటి మీద పడిపోవచ్చు. ఇటువంటిచోట ఉద్యోగి ఎన్నిసార్లు సర్దినా ఫలితం ఉండదు, నిర్వాహకులను అడగడమే దారి.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారు ఈ విషయంలో తమ బాధ్యతను ఇంకా పూర్తిగా స్వీకరించలేదనే చెప్పాలి. కాలమ్‌ను జరిపిన వెంటనే ఆ మార్పును ఖాతా పేరిట రాసిపెట్టడం, కొత్త కాలమ్ చేరినప్పుడు దాన్ని చివర ఉంచి పాత క్రమాన్ని కాపాడడం, మార్పు భద్రమైందో లేదో తెరమీద తెలపడం ఇవాళ సాంకేతికంగా కష్టమైన పనులు కావు. అవి అన్ని ప్రోగ్రాములలోకి వచ్చేవరకు పాఠకులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. కుదిరిన కూర్పుకు పని తెలిసేలా పేరు పెట్టి భద్రపరచండి. ఆ వెంటనే ప్రోగ్రామును సక్రమంగా మూసి, మళ్లీ తెరిచి అది నిలిచిందో లేదో చూసుకోండి. కొత్త వెర్షన్‌కు గాని కొత్త కంప్యూటర్‌కు గాని మారే ముందు ఆ తెరను ఫొటో తీసి దాచుకోండి.