కారు స్టీరియో తెరలో చిక్కిన చెమ్మ

మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా సాగి కొల్లేరులో కలిసే బుడమేరు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు పొంగి, మళ్లింపు కాలువకు గండ్లు పడటంతో విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలను ముంచెత్తినప్పుడు, ఇళ్ల ముందు నిలిపిన కార్లు కూడా నీళ్లలో నానాయి. అలాంటి విపత్తులో యజమాని దృష్టి ముందుగా ఇంజను మీదికే పోతుంది కాబట్టి, డాష్‌బోర్డులోని స్టీరియో తెర వెనుక పట్టిన తెల్లని మసక చిన్న విషయంగా తోస్తుంది. అయితే వరద ముఖమే చూడని కార్లలో కూడా ముసురు రోజుల్లో ఇదే మసక కనిపిస్తుంది. చూపుకు రెండూ ఒకేలా ఉన్నా వాటి కారణాలు వేరు, చేయవలసిన వైద్యమూ వేరు.

గాలి వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకుంటుంది, చల్లబడినప్పుడు ఆ శక్తిని కోల్పోతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలిగితే, 20 డిగ్రీల వద్ద మోయగలిగేది 17 గ్రాములే. గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను ‘తుషార స్థానం’ అంటారు. కృష్ణా డెల్టాలో వానాకాలపు పగలు 32 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్నాయనుకుంటే తుషార స్థానం సుమారు 28 డిగ్రీలు అవుతుంది. ఏసీ వేసి 24 డిగ్రీలకు చల్లబరిచిన కారు తలుపు తెరవగానే లోపలికి వచ్చిన గాలి చల్లని అద్దం తగిలి చెమరుస్తుందంటే కారణం ఇదే.

స్టీరియో తెర ఒకే అద్దం కాదు. వేలితో తాకే పలక, దాని వెనుక రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికం, ఆ గాజుకు ఇరువైపులా కాంతిని వడకట్టే పొలరైజర్ అనే పలుచని పొర, అన్నిటికీ వెనుక వెలుగునిచ్చే దీపాలు ఉంటాయి. కొన్ని తెరల్లో తాకే పలకకూ గాజుకూ మధ్య సన్నని గాలి ఖాళీ ఉంటుంది. ఆవిరి చొరబడి మసకగా నిలిచేది ఎక్కువగా అక్కడే. తెర వెలిగి వేడెక్కినప్పుడు మాయమై, ఆపేసిన తరువాత మళ్లీ కనిపించే మసక ఆవిరిదే. చుక్కలుగా నిలిచినది, అంచుల్లో మరకలా పాకినది నీరు. ఆరిన తరువాత కూడా గోధుమ రంగు గీత మిగిలితే అది ఒండ్రు కలిసిన వరద నీరని తెలుసుకోవచ్చు.

ఈ మూడింటిలో ఏది కనిపించినా మొదట చేయవలసినది స్టీరియోను వేసి చూడటం కాదు, దానికి కరెంటు ఆపడం. తడిసిన సర్క్యూట్ బోర్డులో విద్యుత్తు ప్రవహిస్తే, పక్కపక్కనే ఉన్న సన్నని రాగి దారుల మధ్య లోహపు అయాన్లు నీటి గుండా కదిలి వెంట్రుకల్లాంటి వంతెనలు కడతాయి, వాటితో షార్ట్ అవుతుంది. అందువల్ల బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఎయిర్‌బ్యాగు వ్యవస్థ కూడా డాష్‌బోర్డులోనే ఉంటుంది కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, ఆ తరువాతే స్టీరియోను బయటికి తీయాలి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ విప్పితే తిరిగి రహస్య సంఖ్య అడుగుతాయి కాబట్టి, ఆ సంఖ్యను ముందే చూసిపెట్టుకోవాలి.

ఆరబెట్టడమంటే వేడి చేయడమేనన్న భావన సర్వసాధారణమైనా, నిజానికి నీరు ఆరడమంటే బయటికి పోయే దారి దొరకడం. కళ్లంలో కుప్పగా పోసిన ధాన్యం ఎంత ఎండ కాసినా లోపల చెమ్మగానే ఉండి, పలుచగా పరిచి తిరగేసినప్పుడే ఆరినట్టు, మూసి ఉన్న తెరను ఎండలో పెడితే లోపలి నీరు ఆవిరై, చల్లబడగానే తిరిగి అదే అద్దం మీద దిగుతుంది. పైగా హెయిర్ డ్రయర్ వేడికీ, అద్దాలు మూసిన కారులోని ఎండవేడికీ పొలరైజర్ పొర ముడతలు పడవచ్చు. 80 శాతం తేమ ఉన్న 30 డిగ్రీల గాలిని 45 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ సుమారు 35 శాతానికి పడిపోతుంది. ఆ గోరువెచ్చదనం చాలు. వేడి లేకుండా ఆరబెట్టాలంటే, స్టీరియో పెట్టె మూతను, వెనుక ప్లగ్గులను విప్పి, ఏసీ గదిలో ఫ్యాను గాలి తగిలేలా ఉంచడం ఒక పద్ధతి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో కలిపి కొన్ని రోజులు మూసి ఉంచడం మరో పద్ధతి. తమ బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని పట్టగల ఈ గుళికలు రంగు మారే రకమైతే, రంగు మారినప్పుడు వాటి పని అయిపోయినట్టు లెక్క. బియ్యంలో పాతిపెట్టడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. బియ్యం అప్పటికే తేమను నింపుకొని ఉంటుంది, దాని పిండి పెట్టె సందుల్లోకి చేరుతుంది.

వరద నీటి విషయంలో ఆరబెట్టడం ఒక్కటే సరిపోదు. ఆ నీరు వదిలే ఉప్పులు, ఒండ్రు చెమ్మ తగిలిన ప్రతిసారీ రాగిని తినేస్తాయి. కాబట్టి ఆటోనగర్‌లోనో మరోచోటో నైపుణ్యం గల ఎలక్ట్రీషియన్ చేత బోర్డును విప్పించి, 99 శాతం స్వచ్ఛత గల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్షుతో కడిగించాలి. ఆ ద్రవాన్ని తెర పొరల మీద పడనీయకూడదు, అది మండే గుణం గలది కాబట్టి నిప్పుకు దూరంగా వాడాలి. గాజు పలకల మధ్యకే నీరు చేరి ఉంటే తెర మార్చడమే మార్గం.

తెర ఆరిన తరువాత కూడా కారులో తేమకు మూలం మిగిలితే మసక తిరిగి వస్తుంది. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరి జాలీలో ఆకులు పేరుకుంటే వాన నీరు డాష్‌బోర్డు వెనుకకు కారుతుంది, ఏసీ నీటి గొట్టం మూసుకుంటే ప్రయాణికుడి కాళ్ల దగ్గరి కార్పెట్ తడుస్తుంది. తొలకరికి ముందే ఆ జాలీని శుభ్రం చేయించి, గొట్టం నుంచి నీరు కింద పడుతున్నదో లేదో చూసి, తడిసిన మ్యాట్లను బయటికి తీసి ఆరబెట్టుకునే యజమానికి స్టీరియోను విప్పే అవసరం చాలావరకు రాదు.