తీగ క్రింది చెట్టు: యజమాని బాధ్యత

మన పల్లెలలో పెరటిచెట్టు ఇంటిబిడ్డతో సమానము. తాత నాటిన మామిడిపై గొడ్డలి వేయుటకు ఎవరికిని చేతులు రావు. ఆ మమకారము మెచ్చదగినదే. కాని అదే చెట్టు కొమ్మ విద్యుత్ తీగను తాకినచో ఇంటివారికే గాక దారిని పోవువారికిని ప్రమాదహేతువగును. ఈ విషయమున ఎవరి బాధ్యత ఎంతవరకో పంచాయతీ సభ్యులకు తెలియజేయదలచితిమి.

ఊరి ట్రాన్సుఫార్మరు వరకు వచ్చు తీగలలో సాధారణముగా 11,000 వోల్టుల విద్యుత్తు ఉండును. అచ్చట తగ్గిన పిదపనే అది 230 వోల్టులుగా ఇండ్లకు చేరును. కర్రకు విద్యుత్తు అంటదని పలువురి నమ్మకము. అది పొరపాటు. పచ్చికొమ్మలో నీరున్నది, వానకు తడిసినచో చెప్పనక్కరలేదు. ఆ తడి గుండ విద్యుత్తు మానులోనికి, మాను నుండి నేలకు దిగును. చెట్టును ముట్టిన మనిషికిని, దానికి కట్టిన పశువునకును ప్రాణాపాయమే. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాను తాకినపుడు, ఉద్దానమున కొబ్బరిచెట్లు, విద్యుత్ స్తంభములు విరివిగా కూలి పల్లెలు చీకటి పాలైనవి.

2003 నాటి విద్యుత్ చట్టము 68వ సెక్షను ప్రకారము, తీగకు అడ్డువచ్చు లేక అడ్డురాగల చెట్టును తొలగించుటకు విద్యుత్ సంస్థ దరఖాస్తు చేయవచ్చును. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని, ప్రభుత్వము నిర్దేశించిన అధికారి గాని అందుపై తగిన చర్య గైకొనును. పొదయు, కంచెయు సయితము చెట్టు క్రిందనే లెక్క. తీగ వేయుటకు పూర్వమే చెట్టు ఉన్నచో యజమానికి సహేతుకమైన పరిహారము నిర్ణయింపవలెను. తీగ వచ్చిన తరువాత నాటిన చెట్టుకు ఆ సెక్షను అట్టి పరిహారము చెప్పలేదు. కావున ఊరికి కొత్త తీగ వచ్చుచున్నపుడు, ఆ దారిలోని చెట్లను యజమానుల పేర్లతో పంచాయతీ ముందే వ్రాసి ఉంచినచో పిదప తగవులుండవు.

యజమాని చేయవలసినది స్వల్పమే. కొమ్మ తీగను సమీపించుచున్నదని కనిపెట్టిన వెంటనే లైన్‌మానుకు గాని, 1912 నంబరుకు గాని తెలుపవలెను. సిబ్బంది వచ్చినపుడు పెరటిలోనికి దారి ఇయ్యవలెను. తానుగా చెట్టెక్కి నరకరాదు; సిబ్బంది లైన్ క్లియరు తీసుకొని, సరఫరా ఆగినదని నిర్ధారించుకొన్న పిదపనే కొమ్మపై కత్తి పడవలెను. చెట్టును మొదలంట కొట్టవలసివచ్చినచో, 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము క్రింద అనుమతి విషయమును ముందుగా అటవీ శాఖవారిని విచారింపవలెను. తెగిన తీగ దరికి ఎవరును పోరాదు.

పంచాయతీ స్థలములలోని చెట్లకు పంచాయతీయే యజమాని యని మరువరాదు. మొక్కలు నాటు ఉత్సాహములో తీగల క్రింద రావి, వేప, కొబ్బరి నాటుట పిల్లలకు చిక్కులు తెచ్చిపెట్టుటయే. కొబ్బరికి, తాటికి తల ఒక్కటే. తల నరికిన చెట్టు బ్రతుకదు. అట్టివానిని, అవి పెరుగు పూర్తి ఎత్తు కంటె దూరముగా నాటవలెను. తీగల చెంత మందార, నందివర్ధనము వంటి పొట్టి మొక్కలు చాలును.

తొలకరికి ముందే ఒక ఉదయము, సభ్యులు లైన్‌మానును వెంటబెట్టుకొని తీగల వెంబడి ఊరంతయు నడచి చూడవలెనని మా మనవి. ఆ ఒక్క పూట శ్రమ ఒక నిండుప్రాణమును కాపాడవచ్చును. తాత నాటిన చెట్టునకు సయితము కొమ్మతో పోవుదానిని మొదలు వరకు రానీయకుండ చేయవచ్చును.