పెద్ద పనికున్న క్రమశిక్షణ చిన్న పనికేదీ?

ఖరగ్‌పూర్‌లోని ఖరిదాలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. ఆమధ్య బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నన్నో ప్రశ్న అడిగారు: ‘కల్నల్ గారూ, 800 రూట్ల సిగ్నళ్లు మార్చుకున్న డివిజన్ మాది. ఒక్క గేటు దగ్గర ఎలా దెబ్బతిన్నాం?’

ఆయన చెప్పిన మొదటి పని 2017 నవంబరు నాటిది. ఖరగ్‌పూర్ జంక్షన్‌లో 423 రూట్లను నడిపే పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో 800 రూట్ల ఎలక్ట్రానిక్ వ్యవస్థను అమర్చారు. పట్టాల మళ్లింపు, సిగ్నలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకుండా కాపాడేదే ఇంటర్‌లాకింగ్. తేదీలు ముందే ఖరారు చేసి, రైళ్లను రద్దు చేసి, దారి మళ్లించి ఆ పని ముగించారు.

సైన్యం పద్ధతీ ఇదే. 1971 ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్థాన్‌లోకి కదలాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు జనరల్ మానెక్‌షా సిద్ధం కావడానికి వ్యవధి అడిగారు. వర్షాకాలంలో అక్కడి నదులు దాటడం కష్టం. రైళ్లు, దళాలు, సామగ్రి సమకూరాలి. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. ఆ 13 రోజుల వెనుక నెలల తరబడి సాగిన సన్నాహం ఉంది.

ఇక పెద్దాయన ప్రశ్నలోని రెండో సగం. 2023 జూన్ 2న అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బహానగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ సిగ్నల్ పచ్చగా ఉంది. పట్టా మాత్రం లూప్ లైన్‌కు మళ్లి ఉంది. అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొనడంతో 290 మందికి పైగా మరణించారు. 94వ నంబరు గేటు వద్ద ఎలక్ట్రిక్ బారియర్ మార్చే పనిలోనూ, అంతకు ముందెప్పుడో సర్క్యూట్‌లో చేసిన మార్పులోనూ లోపాలున్నాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. వైర్ల మీది గుర్తులు తప్పుగా ఉన్నా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2022 మే నెలలో ఇదే డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్దుకుని ఉంటే బహానగా దుర్ఘటన జరిగేది కాదని కూడా నివేదిక చెప్పింది.

పెద్ద ప్రాజెక్టుకు పేరుంటుంది, బాధ్యుడుంటాడు, పైఅధికారుల కన్నుంటుంది. గేటు బారియర్ మార్చడం రోజువారీ పని. దాన్ని ఎవరూ ప్రాజెక్టు అనుకోరు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది.

సైన్యంలో మందుపాతరలు పాతిన ప్రతి చోటునూ పటంలో నమోదు చేయాలి. ఆ చోటుకు కొత్త దళం వస్తే పాతవారు దగ్గరుండి చూపించి, సంతకాలు చేసి అప్పగించాలి. నమోదు తప్పితే చనిపోయేది మనవాళ్లే. తప్పు గుర్తు వేసిన వైరు కూడా పటంలో చేర్చని మందుపాతర లాంటిదే.

అందుకే మూడు నియమాలు పని పరిమాణంతో నిమిత్తం లేకుండా అమలు కావాలి. డ్రాయింగుకూ క్షేత్రంలోని వైరుకూ పొంతన చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. పని చేసినవారు కాక మరొకరు పరీక్షించాకే రైలును వదలాలి. చిన్న పొరపాటు బయటపడినా ఆ సంగతి డివిజన్‌లోని ప్రతి స్టేషన్‌కూ చేరాలి.

యుద్ధం వస్తే ట్యాంకులు, ఫిరంగులు కదిలేది ఈ పట్టాల మీదే. ప్రయాణికుల భద్రతే కాదు, దేశ రక్షణ కూడా ఆ లొకేషన్ బాక్సుల్లోని వైర్లపై ఆధారపడి ఉంది. ఖరిదా పెద్దాయనకు నేను చెప్పిన జవాబు ఒక్కటే: 800 రూట్ల వద్ద చూపిన జాగ్రత్త ఆ ఒక్క గేటు దాకా రాలేదు.

(రచయిత విశ్రాంత సైనికాధికారి)