మందిరంలో గిటార్

యూదుల సమాజమందిరంలో గిటారా? 1970వ దశకంలో అమెరికాలో కొందరు పెద్దలకు ఇది మింగుడుపడలేదు. దావీదు సితారాను మరిచారేమో! 1951లో పుట్టిన డెబ్బీ ఫ్రీడ్‌మన్ మాత్రం వేసవి శిబిరాల్లో యువత చేత ప్రార్థనలనే పాటలుగా పాడించారు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలోని ప్రేమాజ్ఞకు బాణీ కట్టారు. 1972లో తొలి ఆల్బమ్ తెచ్చారు. ఆమెకు స్వరలిపి చదవడం రాదు.

రోగుల కోసం యూదులు చేసే ప్రాచీన ప్రార్థనను 1980ల చివర డ్రోరా సెటెల్‌తో కలిసి పాటగా మలిచారు. పితరులతోపాటు తల్లులనూ తలచే ఆ పాట, దేహానికే కాదు, ఆత్మకూ స్వస్థత అడుగుతుంది. మనం స్వస్థత కూటాల్లో ఎక్కువగా మొదటిదాని కోసమే మొరపెడతాం. ఆమె ఏళ్ల తరబడి నాడీ సంబంధ వ్యాధితో బాధపడుతూనే వేదికలెక్కారు; 1996లో కార్నెగీ హాల్‌లోనూ పాడారు. 2011 జనవరిలో ఆమె ఆస్పత్రిలో ఉండగా ఎన్నో సమాజాలు ఆమె కోసం అదే పాట పాడాయి. ఆ నెల 9న ఆమె కన్నుమూశారు. వయసు 59.