బాగు చేద్దామా? వదిలేద్దామా?

నర్సీపట్నంలో మా ఇంటి ముందు నాన్నగారు 2004లో కొన్న మారుతి 800 ఉండేది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన పక్కింటి ఆడబిడ్డను ఏరియా ఆసుపత్రికి చేర్చిందీ, ప్రతి క్రిస్మస్‌కూ చింతపల్లి వైపు గ్రామాలకు దుప్పట్లు మోసిందీ ఆ కారే. నాన్నగారు ప్రభువు పిలుపు అందుకున్నాక అది నెలకోసారి షెడ్డుకు వెళ్లసాగింది. ఒకరోజు లంబసింగి ఘాట్ దిగుతుండగా బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. వెనక సీట్లో నా ఇద్దరు పిల్లలున్నారు. ఫస్టు గేరు, హ్యాండ్ బ్రేకు, దేవుని కృప మమ్మల్ని కాపాడాయి.

'అది మీ నాన్న చేతి వస్తువురా, బాగు చేయించు' అంది అమ్మ. 'ఇక చాలండీ' అంది నా భార్య. ఇద్దరి మాటలోనూ ప్రేమే ఉంది. మరి ఏది సరైనది?

యోవాషు రాజు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా దేవుని మందిరం శిథిలంగానే ఉంది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి కానుకలు పోగుచేయించాడు. వడ్రంగులు, తాపీవారు నమ్మకంగా పనిచేసి మందిరాన్ని బాగు చేశారు (2 రాజులు 12). పొరుగువాడు కొత్తది కొన్నాడని ఉన్నదాన్ని పారేయడం విశ్వాసికి తగదు. బాగు చేయడం కూడా దైవకార్యమే!

అదే గ్రంథంలో ఆరు అధ్యాయాల తర్వాత మరో రాజు కనిపిస్తాడు. మోషే చేసిన ఇత్తడి సర్పం ఒకనాడు అరణ్యంలో ఎందరినో బతికించింది. వందల ఏళ్ల తర్వాత ప్రజలు దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు (2 రాజులు 18:4). ఒకప్పుడు మేలు చేసిందన్న కారణంతో దేన్నీ దేవుని స్థానంలో ఉంచకూడదని ఆయనకు తెలుసు.

గోపురం కట్టేవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్నాడు యేసుప్రభువు (లూకా 14:28). మేమూ కూర్చున్నాం. పాతబడిన బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుందనీ, ఘాట్‌లో అదేపనిగా బ్రేకు తొక్కితే మరుగుతుందనీ మెకానిక్ చెప్పాడు. అది మారిస్తే సరిపోతుంది. కానీ కారు అడుగుభాగం, చక్రాలు బిగించే చోటే తుప్పు తినేసింది. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగింది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో నిర్ణయించారు. అయినా డబ్బు కన్నా పిల్లలు కూర్చునే సీటే మా చేత నిర్ణయం చేయించింది.

ఇంతలో ఒకాయన మంచి ధరకు కొంటానన్నాడు. అడుగున తుప్పు ఆయన చూడలేదు. చూపించాం, ఆయన వెళ్లిపోయాడు. మన పిల్లలకు పనికిరాని బండిలో పొరుగువాడి పిల్లల్ని ఎలా కూర్చోబెడతాం? చివరికి దాన్ని తుక్కుకే ఇచ్చేశాం.

కారు వెళ్లేరోజు అమ్మ డ్యాష్‌బోర్డు అరలోంచి నాన్నగారి కొత్త నిబంధన తీసుకుని కళ్లకద్దుకుంది. 'క్రిస్మస్‌కు దుప్పట్లు ఎలా తీసుకెళ్తావురా?' అని అడిగింది. ఆ డిసెంబరులో ఆటో మాట్లాడుకుని వెళ్లాం. నాన్నగారి అసలైన జ్ఞాపకం ఆ ప్రయాణమే! మీ ఇంట్లోనూ అలాంటి పాత వస్తువు ఉందా? అది ఇంకా ఎవరికైనా సేవ చేస్తోందా, లేక మీరే దానికి సేవ చేస్తున్నారా? ప్రార్థనతో లెక్క చూసుకోండి.